డిగ్రీ విద్యార్థులకు గ్రామ్ స్టెయినింగ్ నేర్పడం ఎలా?

బ్యాక్టీరియాకు రంగులద్ది, ఊదాగా మిగిలే గ్రామ్ పాజిటివ్, గులాబీకి తిరిగే గ్రామ్ నెగటివ్ అని రెండుగా విడదీసే పద్ధతి గ్రామ్ స్టెయినింగ్. అది చేయకుండా మైక్రోబయాలజీ డిగ్రీ పూర్తిచేసేవాళ్లు ఉండరు. మైక్రోస్కోపులో ఇ. కోలై అనే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా ఊదాగా కనిపించినా, పుస్తకంలో గులాబీ అని ఉంది కాబట్టి రికార్డులో గులాబీ బొమ్మే వేసి సంతకం పెట్టించుకోని బ్యాచ్ కూడా ఉండదు. ఇందులో పిల్లల తప్పు తక్కువ. నాలుగు ద్రావణాల పేర్లు, వాటి పక్కన నాలుగు అంకెలు బోర్డు మీద రాసి "ఇక కానివ్వండి" అంటే జరిగేది అదే. క్రిస్టల్ వయొలెట్‌కి, అయోడిన్‌కి, సాఫ్రానిన్‌కి గడియారం చాలు. మధ్యలో ఆల్కహాల్‌తో రంగు తీసే మెట్టుకు మాత్రం కన్ను కావాలి. క్లాసు సమయంలో సగం దానికే పోవాలి.

సరంజామా

శుభ్రమైన స్లైడ్లు, లూప్ (బ్యాక్టీరియాను తీసే తీగ), బర్నర్, ఫోర్సెప్స్, డ్రాపర్, నీళ్ల వాష్ బాటిల్, బ్లాటింగ్ పేపర్, ఇమ్మర్షన్ ఆయిల్. కోటు, గ్లవ్స్, కళ్లద్దాలు సరేసరి. ద్రావణాల్లో ఒక్క అయోడిన్ మీదే కన్నేసి ఉంచండి. 1 గ్రాము అయోడిన్, 2 గ్రాముల పొటాషియం అయోడైడ్, 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి గోధుమరంగు సీసాలో పెట్టాలి. ముదురు రంగు తగ్గి లేత పసుపుకు దిగిందంటే పారబోసి కొత్తది కలపండి. నీరసించిన అయోడిన్‌తో ఎంత జాగ్రత్తగా చేసినా పాజిటివ్ కణాలు కూడా గులాబీకి తిరుగుతాయి.

మొదటి క్లాసుకు స్టెఫైలోకాకస్ ఎపిడర్మిడిస్ (గ్రామ్ పాజిటివ్), ఇ. కోలై కె-12 (గ్రామ్ నెగటివ్) చాలు. గుండ్రటిది ఒకటి, కడ్డీలాంటిది ఒకటి. రంగు తేడా కొట్టినా ఆకారాన్ని బట్టి ఏది ఏదో తెలిసిపోతుంది. కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) 18 నుంచి 24 గంటలది కావాలి. బేసిలస్ సబ్టిలిస్‌ని మొదటి రోజే ఇవ్వకండి. అది గ్రామ్ పాజిటివే అయినా, కల్చర్ పాతబడితే సగం కణాలు ఊదా, సగం గులాబీగా కనిపించి కొత్తవాళ్లను అయోమయంలో పడేస్తుంది.

స్మియర్

ఒక్కో స్లైడ్ మీద మూడు స్మియర్లు (బ్యాక్టీరియాను పలుచగా పరిచిన మచ్చలు) వేయించండి: ఎడమన స్టెఫైలోకాకస్, కుడిన ఇ. కోలై, మధ్యలో రెండూ కలిపినది. ఇందులో బేరం లేదు. రెండు చివర్లలో తెలిసిన జీవులు ఉంటేనే మధ్యలో కనిపించినదాన్ని నమ్మవచ్చు. పేర్లు స్లైడ్ గరుకు చివర పెన్సిల్‌తో రాయాలి. మార్కర్‌తో రాస్తే ఆల్కహాల్ తగలగానే కొట్టుకుపోతుంది, ఏ చివర ఏదో ఎవరికీ తెలియదు.

ప్లేటు మీది కాలనీ (బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన చుక్క) అయితే చిన్న నీటి చుక్క పెట్టి, లూప్ అంచుతో కాలనీని అంటీ అంటనట్టు తాకి, చుక్కలో కలిపి పలుచగా పరచాలి. కాలనీ మొత్తం గోకి తెచ్చేవాళ్లే ఎక్కువ. ఆరిన స్మియర్‌ని అచ్చు కాగితం మీద పెడితే అక్షరాలు చదవగలగాలి. అంతకంటే చిక్కగా ఉంటే ఆ స్లైడ్ పక్కన పెట్టేసి మళ్లీ వేయించండి. మధ్య స్మియర్‌కి రెండో జీవిని తీసేముందు లూప్‌ని ఎర్రగా కాల్చి, చల్లారనివ్వాలి.

స్మియర్ గాలికి పూర్తిగా ఆరాక ఫిక్స్ చేయాలి, అంటే కణాలు స్లైడ్‌కి అంటుకుపోయేలా చేయాలి. మంట మీంచి మూడుసార్లు పోనివ్వడం పాత పద్ధతి. క్లాసులో అది మానేయడం మంచిది. తడి ఆరకముందే వేడి చూపించి కణాలను ఉడకబెట్టేవాళ్లు కొందరు, స్లైడ్ చురుక్కుమనేదాకా కాల్చేవాళ్లు కొందరు. రెండు విధాలా కణభిత్తి దెబ్బతింటుంది, దెబ్బతిన్న పాజిటివ్ కణం రంగు వదిలేస్తుంది. బర్నర్లన్నీ ఆర్పించి, స్మియర్ మీద మెథనాల్ పోసి 2 నిమిషాలు ఉంచి, వంచేసి, నీళ్లు తగలకుండా ఆరనివ్వండి. ప్రతి స్లైడూ ఒకేలా ఫిక్స్ అవుతుంది. మెథనాల్ మండే స్వభావమున్నది, విషం కూడా. గాలి ఆడేచోట వాడాలి.

మొదటి రెండు రంగులు

క్రిస్టల్ వయొలెట్ 1 నిమిషం, నీళ్లు, అయోడిన్ 1 నిమిషం, నీళ్లు. ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే. వయొలెట్ తర్వాత కడగడం రెండు మూడు సెకన్లే. అయోడిన్ ఇంకా పడలేదు కాబట్టి రంగు గట్టిపడి ఉండదు, కుళాయి కింద పెట్టి తోమితే పాజిటివ్ కణంలోంచి కూడా దిగిపోతుంది.

ఆల్కహాల్: అసలు కథ ఇక్కడే

ముందు లోపల ఏం జరుగుతోందో చెప్పండి. వయొలెట్, అయోడిన్ కలిసి కణం లోపల పెద్ద సమ్మేళనంగా మారతాయి. గ్రామ్ పాజిటివ్ కణభిత్తిలో పెప్టిడోగ్లైకాన్ (భిత్తికి గట్టిదనమిచ్చే పదార్థం) మందంగా ఉంటుంది. ఆల్కహాల్ దానిలోని నీటిని లాగేసి బిగుసుకునేలా చేస్తుంది, ఆ సమ్మేళనం లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌లో బయటి పొర కొవ్వు కరిగిపోతుంది, మిగిలిన పలుచటి పెప్టిడోగ్లైకాన్ రంగును ఆపలేదు. అయితే పాజిటివ్ కణం కూడా శాశ్వతంగా ఆపలేదు, నెమ్మదిగా వదులుతుందంతే. ఈ మాట చెప్పకపోతే 'ఇంకాస్త పోస్తే ఏం పోయింది' అనుకుంటారు. మొత్తం పరీక్ష నిలబడింది ఒకటి త్వరగా, ఒకటి నెమ్మదిగా రంగు వదిలే ఆ కొద్దిపాటి వ్యవధి మీదే.

స్లైడ్ మీద మిగిలిన నీళ్లను దులిపేయాలి, అడుగువైపు అంటిన రంగును కడిగేయాలి. అది కిందికి కారుతుంటే స్మియర్ నుంచే రంగు వస్తోందని భ్రమపడతారు. స్లైడ్‌ని పొడవాటి అంచు కిందికి వచ్చేలా ఫోర్సెప్స్‌తో పట్టి, తెల్లటి ట్రే మీద ఏటవాలుగా ఉంచాలి. అప్పుడే మూడు స్మియర్లకూ ఆల్కహాల్ ఒకేసారి తగులుతుంది. 95 శాతం ఇథనాల్‌ను స్మియర్ల మీద కాదు, వాటికి పైనున్న అంచు పొడవునా చుక్కలు చుక్కలుగా వదలాలి. చూపు కింది అంచు మీద ఉండాలి. మొదట ముదురు ఊదా ధార దిగుతుంది. కాసేపటికి పలచబడి, మేఘంలా విడిపోయి, చుక్కలో రంగు దాదాపు కనిపించకుండా పోతుంది. ఆ క్షణాన నీళ్లు పోయాలి. పూర్తిగా తేటపడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మామూలుగా ఇది 10 నుంచి 15 సెకన్లు. స్మియర్ బాగా పలుచనైతే 5 సెకన్లకే అయిపోవచ్చు. అందుకే బోర్డు మీద అంకె రాయవద్దనేది. చిక్కటి స్మియర్ అయితే అంచు నుంచి ఊదా కారుతూనే ఉంటుంది, తేటపడటమే ఉండదు. ఈలోగా పలుచటి చోట ఉన్న పాజిటివ్ కణాలు కాస్తా గులాబీకి సిద్ధమైపోతాయి.

నీళ్ల బాటిల్ ముందే రెండో చేతికి అందేలా ఉండాలి. ఆల్కహాల్ పోయడం ఆపారు గదా అని స్లైడ్ పట్టుకుని సింకు దాకా నడిచి వెళ్తారు. ఆ నడకంతా ఆల్కహాల్ పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేది నీళ్లొక్కటే.

అసిటోన్ కలిపిన ద్రావణం వాడితే పని రెండు మూడు సెకన్లలో ముగుస్తుంది, చేయి తిరిగినవాళ్లకు అది సుఖమే. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఉత్త ఇథనాలే ఇవ్వాలి. నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి రంగు దిగడం కంటికి ఆనుతుంది. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రచురించిన పద్ధతిలో రంగు తీసింది కూడా ఆల్కహాలే.

నోటితో చెప్పినంత మాత్రాన ఇదంతా ఎక్కదు. ఒకే మిశ్రమంతో మూడు స్లైడ్లు మీరే వాళ్ల ముందు చేయండి: ఒకదానికి ఆల్కహాల్ 2 సెకన్లు, ఒకదానికి సరిగ్గా, ఒకదానికి ఏకంగా 2 నిమిషాలు. మొదటిదాంట్లో కడ్డీలు కూడా ఊదాగా ఉంటాయి. మూడోదాంట్లో గుండ్రటి కణాలు కూడా గులాబీకి తిరగడం మొదలవుతుంది. ఈ మూడూ చూశాకే వాళ్ల చేతికి డ్రాపర్ ఇవ్వండి. తర్వాత తమ స్లైడ్ తేడా కొడితే, ఎటువైపు తప్పిందో రెండు చివర్లలోని స్మియర్లను చూసి వాళ్లే చెబుతారు.

మిగతాది

సాఫ్రానిన్ 1 నిమిషం, నీళ్లు, బ్లాటింగ్ పేపర్‌తో అద్దడం. రుద్దితే స్మియర్ ఊడొస్తుంది. 10ఎక్స్‌లో ఫోకస్ చేసి, ఆయిల్ వేసి 100ఎక్స్‌కి వెళ్లాలి. ఆయిల్ పడ్డాక 40ఎక్స్‌ని మళ్లీ తిప్పితే ఆ లెన్స్ పాడైనట్టే. కండెన్సర్ (వెలుతురును స్లైడ్ మీద కేంద్రీకరించే భాగం) పైకి ఎత్తి, డయాఫ్రమ్ (వెలుతురును తగ్గించి పెంచే భాగం) తెరవాలి. రంగులేని కణాల కోసం మూసిన డయాఫ్రమ్‌ని అలాగే ఉంచేస్తారు, ఆ చీకట్లో ఊదాకీ గులాబీకీ తేడా తెలియదు. కణాలు విడివిడిగా ఒకే పొరగా ఉన్నచోట చూడాలి, గుంపుల్లో కాదు.

మధ్యలో తెలియని జీవిని ఇచ్చి మార్కులు వేసేటప్పుడు, దాని ఫలితం కంటే ముందు రెండు చివర్లలోని స్మియర్లు చూడండి. అవి తప్పితే ఫలితం ఒప్పయినా మార్కు లేదు.

ఎంతకీ తేలని కాలనీ ఉంటే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో లూప్ నిండా కలిపి, అర నిమిషం నుంచి నిమిషం దాకా తిప్పుతూ లూప్‌ని మెల్లగా పైకెత్తించండి. గ్రామ్ నెగటివ్ అయితే కణాలు పగిలి డీఎన్ఏ బయటికొచ్చి, లూప్ వెంట జిగట తీగ లేస్తుంది. కాలనీ తాజాది, మోతాదు దండిగా ఉండాలి. కొంచెమే తీసుకుంటే నెగటివ్‌కి కూడా తీగ రాదు.