పాత లగ్జరీ కారుకు పొగమంచు ముస్తాబు

చవకగా దొరికిందని పాత లగ్జరీ సెడాన్ కొన్నారా? సీట్లకు మెరుగులు పెట్టించే ముందు హెడ్‌లైట్ల సంగతి చూడండి. చలికాలం తెల్లవారుజామున విజయవాడలో కృష్ణానదిపై వారధి దాటి మంగళగిరి వైపు వెళ్లేవారికి పొగమంచు కొత్త కాదు.

హెడ్‌లైట్ పైభాగం గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండకు పైపూత పోయి పసుపెక్కుతుంది, వెలుతురు అక్కడే చెదిరిపోతుంది. చుట్టూ పెయింటుకు టేపు అంటించి, 1000 నంబరు వాటర్ పేపర్‌ను (నీటితో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి. మొదట పసుపు నీరు కారుతుంది. అది తెల్లబడేదాకా ఆపవద్దు. తర్వాత 2000, 3000 నంబర్లు, చివర పాలిష్. దానిపై ఎండను ఆపే పారదర్శక పూత, అంటే యూవీ క్లియర్ కోట్ వేయకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఆటోనగర్‌లో చేయించినా ఆ పూత గురించి గట్టిగా అడగండి. టూత్‌పేస్టు వైద్యం నాలుగు రోజుల ముచ్చటే.

మంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లగోడ లేచినట్టుంటుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు చాలు. అద్దానికి లోపల ఆవిరి పడితే ఏసీ వేసి, బయటి గాలి వచ్చేలా బటన్ మార్చండి. చలి అని ఏసీ కట్టేస్తారు గానీ తేమను లాగేది అదే. ఆవిరి బయటివైపు పడితే మాత్రం వైపర్ వేసి, చల్లదనం తగ్గించాలి.

టైరు గీతలు బాగున్నా టైరు పక్కభాగంపై ఉన్న నాలుగంకెలు చదవండి: 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. అంత పాత రబ్బరు తడి రోడ్డును సరిగా పట్టదు.

బ్యాటరీ ఏజీఎం (యాసిడ్‌ను గాజునార పొరల్లో పట్టి ఉంచే) రకమైతే మళ్లీ అదే వేయించండి. డబ్బు మిగులుతుందని మామూలుది పెట్టిస్తే అది త్వరగా చేతులెత్తేస్తుంది.