చైన్‌సా స్టార్ట్ కాకపోతే – 4వ పాఠం: ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా?

ఈ వారం పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ విప్పుదామని చెప్పాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గును విప్పి, కరెంటు, అంటే ఆ నిప్పురవ్వ, వస్తోందో లేదో ఎలా చూడాలో పోయిన పాఠంలో రాశాక అమలాపురం వైపు నుంచి, రాజోలు లంకల నుంచి, అవతలి గట్టున నరసాపురం, పాలకొల్లు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరిదీ ఇంచుమించు ఒకటే మాట: “ప్లగ్గులో కరెంటు బాగానే వస్తోందండీ, మిషను మాత్రం లేవట్లేదు.” నేను అడిగిందీ ఒకటే: “విప్పినప్పుడు ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా?” ఎక్కువమంది చెప్పలేకపోయారు. విప్పగానే గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, ఆ తర్వాతే కరెంటు చూశారు. వాళ్ళు తుడిచేసిన ఆ తడి గురించే ఈ పాఠం.

ముందు ఒక ప్రమాదం సంగతి చెప్పాలి. ముమ్మిడివరం దగ్గర ఒకాయన విప్పిన ప్లగ్గును దాని కన్నం పక్కనే ఆనించి తాడు లాగారు. లోపలి నుంచి చిమ్మిన పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ తగిలి భగ్గుమంది. చేతి మీద వెంట్రుకలు కాలాయి, చర్మం దాకా పోలేదు. కరెంటు చూసే ముందు స్విచ్ ఆఫ్ చేసి నాలుగైదుసార్లు తాడు లాగి, లోపలున్న పెట్రోలును బయటికి పోనివ్వండి. ఆవిరి చెదిరేదాకా కాసేపు ఆగండి. కన్నం మీద గుడ్డ కప్పండి. ప్లగ్గును కన్నానికి వీలైనంత దూరంగా సిలిండర్ రెక్కలకు ఆనించండి. ట్యాంకు మూత బిగించి ఉండాలి, పెట్రోలు డబ్బా దగ్గర్లో ఉండకూడదు. తాటాకు పాకలో, కొబ్బరి పీచు పోసిన మకాంలో ఈ పని అస్సలు చేయొద్దు. ఆరుబయట నీడలో చేయండి. నీడలో అయితే నిప్పురవ్వ కూడా బాగా కనపడుతుంది.

ట్యాంకులో పెట్రోలు ఉందా, స్విచ్ ఆన్‌లో ఉందా, చైన్ తిరగకుండా ఆపే చైన్ బ్రేక్ వేశారా అన్నవి నేను ప్రతి పాఠంలో రాయను. అవి చూసుకునే వచ్చారనుకుని ముందుకు వెళ్తున్నాను.

ఏడెనిమిదిసార్లు లాగినా మిషను లేవకపోతే ఆగిపోయి, వెంటనే ప్లగ్గు విప్పండి. అరగంట ఆగి విప్పితే తడి ఆరిపోతుంది, ఇక మీకు ఏమీ తెలియదు. విప్పిన ప్లగ్గు కొన నల్లగా మెరుస్తూ, వేలికి తడి అంటుతూ, ఘాటుగా పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు లోపలికి చేరుతోంది గానీ అంటుకోవడం లేదని అర్థం. కొన పొడిగా ఉండి వాసన కూడా లేకపోతే పెట్రోలు అసలు లోపలికే రావడం లేదు. రెండింటికీ దారులు పూర్తిగా వేరు. తడి ప్లగ్గు చూసి ట్యాంకులో ఫిల్టర్ మార్చినా, పొడి ప్లగ్గు చూసి కొత్త ప్లగ్గు కొన్నా డబ్బు దండగే. తడి కాకుండా పొడి మసి మందంగా పేరుకుని ఉంటే గాలి ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదంటే పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలిపి ఉంటారు. ఫిల్టర్‌ను సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

ఇప్పుడు తడి ప్లగ్గు. మా షెడ్డుకు “స్టార్ట్ కాదు” అంటూ వచ్చే మిషన్లలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. పెట్రోలు ఎక్కువైపోయి ఉంటుంది, మనం ఓవర్‌ఫ్లో అంటాం. అది ఎక్కువవడానికి కారణం చోక్ వేసి ఆపకుండా తాడు లాగడం. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

చోక్ అంటే కార్బొరేటర్ నోటికి అడ్డంగా తిరిగే చిన్న పలక. అది మూసుకుంటే గాలి రావడం తగ్గుతుంది, పిస్టన్ లాగే పీల్పంతా పెట్రోలు మీద పడుతుంది. చల్లారిన ఇంజన్‌కు మొదటి మంట పుట్టడానికి ఆ చిక్కటి మిశ్రమం కావాలి. అది చాలినంత చేరగానే ఇంజన్ ఒక్కసారి “టప్” అంటుంది. ఒక్కసారే. స్టార్ట్ కాదు, దగ్గినట్టు అని ఆగిపోతుంది. అక్కడితో చోక్ పని అయిపోయింది. ఆ శబ్దం వినగానే చోక్ తీసేయాలి. ఆ తర్వాత రెండు మూడు లాగుళ్ళలో మిషను లేస్తుంది.

మనవాళ్ళు ఏం చేస్తున్నారు? “టప్” అనగానే “అదిగో, వచ్చేస్తోంది” అని ఇంకా గట్టిగా లాగుతారు, చోక్ మాత్రం అలాగే ఉంటుంది. అక్కడి నుంచి లాగిన ప్రతిసారీ లోపలికి పెట్రోలు దిగుతూనే ఉంటుంది, దాన్ని మండించేంత గాలి ఉండదు. ఇంకో పది లాగుళ్ళకు ప్లగ్గు తడిసి ముద్దవుతుంది. అప్పుడు విప్పి తుడిచి చూస్తే కరెంటు బ్రహ్మాండంగా వస్తుంది. “కరెంటు ఉంది, లేవట్లేదు” అన్న ఫోన్ల వెనక జరిగిందిదే.

శబ్దం వినపడకపోవడం ఇంకో చిక్కు. పక్కన చేలో ఇంజన్ ఆడుతుంటే, రోడ్డు మీద లారీ వెళ్తుంటే ఆ దగ్గు చెవిన పడదు. అందుకని మొదటి లాగుళ్ళప్పుడు ఎడమచేతిని ముందు పిడి మీద ఉంచి మిషను కదలికను గమనించండి, “టప్” అన్నప్పుడు పిడిలో చిన్న అదురు తెలుస్తుంది. నేనైతే చెవికన్నా చేతినే నమ్ముతాను. మన ప్రాంతంలో ఎండాకాలం మొదటి లాగులోనో రెండో లాగులోనో ఆ దగ్గు వస్తుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నాలుగైదు పట్టొచ్చు. ఐదు లాగుళ్ళకూ వినపడకపోతే వచ్చి వెళ్ళిపోయిందనే అనుకుని చోక్ తీసేయండి. చోక్ లేకుండా లాగితే నష్టమేమీ లేదు.

అప్పటిదాకా కోసి, టీకి ఆపిన మిషనుకు చోక్ అక్కర్లేదు. వేడి మీదున్న ఇంజన్‌కు చోక్ వేయడం అంటే చేజేతులా ఓవర్‌ఫ్లో చేయడమే. పాలకొల్లు నుంచి ఫోన్ చేసిన ఒకాయన మిషను పొద్దున ఒక్క లాగుకే లేస్తుందట, మధ్యాహ్నం భోజనం తర్వాతే మొరాయిస్తుందట. పొద్దున వేసినట్టే అప్పుడూ చోక్ వేస్తున్నారు, అదొక్కటే కారణం.

చోక్ తీసే తీరు కూడా మిషనుకో రకం. స్టిల్ కంపెనీ మిషన్ల లాంటి వాటిలో స్విచ్, చోక్ ఒకే మీటలో ఉంటాయి. అడుగుకు నొక్కితే పూర్తి చోక్, ఒక మెట్టు పైకి తెస్తే చోక్ పోయి రేసు, అంటే ఇంజన్ వేగం, కాస్త ఎత్తులో నిలబడుతుంది. స్టార్ట్ అయ్యాక ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే మీట దానంతటదే మామూలు చోటికి వస్తుంది. చవకగా దొరికే 58 సీసీ మిషన్లలో చాలావాటికి పక్కన లాగే బుడిపె ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కేస్తే చోక్ పోతుంది. కొన్నిటికి రేసు నిలిపే బొత్తాం వేరుగా ఉంటుంది. మీ మిషనులో ఏ మెట్టులో ఏముందో కళ్ళతో చూడాలంటే గాలి ఫిల్టర్ తీసి మీట కదిలిస్తూ చోక్ పలకను చూడండి. ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ మర్చిపోరు.

ఇక ఓవర్‌ఫ్లో అయిన మిషనును లేపడం. స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్గు విప్పండి. మిషనును తిరగేసి, కన్నం నేల వైపు ఉండేలా పట్టుకుని, తాడును నిదానంగా ఏడెనిమిదిసార్లు లాగండి. పెట్రోలు తుంపర్లుగా బయటికి వస్తుంది, ముఖం అటు పెట్టకండి. ప్లగ్గును తుడిచి ఎండలో ఆరనివ్వండి. కొందరు గ్యాస్ పొయ్యి మీద కాలుస్తారు, పింగాణీ పగలొచ్చు, వద్దు. పావుగంట ఆగి, ప్లగ్గును చేత్తో మర తిప్పి, చివర్లో మాత్రమే పానాతో బిగించండి. మొదటి నుంచీ పానాతో తిప్పితే సిలిండర్ మర చెడుతుంది. చోక్ తీసేసి, చైన్ బ్రేక్ వేసి, మిషనును నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు ఆనించండి. రేసు నిలిపే మెట్టు ఉంటే అందులో పెట్టండి, లేకపోతే ఇంకొకరిని ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకోమని చెప్పి లాగండి. పొగ దట్టంగా వస్తూ లేస్తుంది. చైన్ బ్రేక్ వేసి ఉంది కాబట్టి లేవగానే ట్రిగ్గర్ వదిలేయాలి.

అయినా లేవకపోతే ఒక్కటి గమనించండి. పెట్రోలు ఎక్కువైనప్పుడు అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, తాడు తేలిగ్గా వచ్చేస్తుంది. ప్లగ్గు కన్నంలో నాలుగు చుక్కల టూటీ ఆయిల్ (పెట్రోలులో కలిపే ఆయిల్) వేసి రెండుసార్లు లాగితే మళ్ళీ బిగువు వస్తుంది. బిగువు తిరిగి రాకపోతే పిస్టన్ రింగుల సంగతి, అది 7వ పాఠంలో.

పొడి ప్లగ్గు ఉన్నవాళ్ళకు ఈ వారం ఒక్క పరీక్ష చాలు. ప్లగ్గు కన్నంలో పావు చెంచా కంటే తక్కువ మిశ్రమం, అంటే ఆయిల్ కలిపిన పెట్రోలు, పోసి, ప్లగ్గు బిగించి, చోక్ లేకుండా లాగండి. రెండు క్షణాలు ఆడి ఆగిపోతే కరెంటు, బిగువు రెండూ బాగున్నాయి, పెట్రోలు దారిలోనే తేడా ఉంది: ట్యాంకులో ఫిల్టర్, పగిలిన పైపు, ట్యాంకుకు మూసుకుపోయిన గాలి రంధ్రం, కార్బొరేటర్‌లో బిగుసుకుపోయిన డయాఫ్రం అనే పలచటి పొర. అసలు దగ్గనైనా దగ్గకపోతే ఫ్లైవీల్ తాళం, అంటే ఆ చక్రాన్ని ఇరుసు మీద కదలకుండా పట్టే చిన్న ముక్క, తెగిందేమో చూడాలి. అది తెగితే నిప్పురవ్వ వస్తుంది గానీ సమయానికి రాదు.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాక, పడిన చెట్లు కోయడానికి చాలామంది అటక మీది మిషన్లు దించారు. వాటిలో నెలల తరబడి నిల్వ ఉన్న మిశ్రమం అలాగే ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కాలవ గట్ల మీది చెమ్మకు, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ మరీ ఎక్కువ చేరుతుంది. నీళ్ళు మితిమీరితే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుగుకు దిగుతాయి, ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు ఫిల్టర్ పీల్చేది అడుగు నుంచే. దానితో మిషను స్టార్ట్ అవదు, ఒకవేళ అయితే ఇంకా ప్రమాదం, ఆయిల్ లేక పిస్టన్ పట్టేస్తుంది. పాత మిశ్రమాన్ని గాజు సీసాలో పోసి అరగంట కదలకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే పారబోయండి. నెల దాటిన మిశ్రమాన్ని నేను చూడకుండానే తీసేస్తాను. మిశ్రమం పాళ్ళు మీ మిషను పుస్తకంలో ఉన్నవే పాటించండి. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25కి 1 అంటే 40. కంటికొలత వద్దు, మందు సీసాతో వచ్చే కొలత మూత వాడండి.

మకాంలో పెట్టిన మిషన్లకు ఇంకొకటి. మట్టిగూడు కట్టే కందిరీగకు సైలెన్సర్ గొట్టం బాగా నచ్చుతుంది. పొగ పోయే దారి మట్టితో మూసుకుంటే ఎంత లాగినా ఉపయోగం లేదు. టార్చి వేసి చూడండి, పుల్లతో తీయండి. దాచేటప్పుడు గొట్టానికి గుడ్డ కట్టండి, మళ్ళీ తీసినప్పుడు విప్పండి.

కార్బొరేటర్ మీద పక్కన కనిపించే రెండు చిన్న మరలను మాత్రం ముట్టుకోకండి. నిన్నటిదాకా బాగా ఆడిన మిషనులో అవి వాటంతటవే అంతగా మారిపోవు. అప్పుడే తిప్పేసినవాళ్ళు ఎన్ని చుట్లు తిప్పారో రాసుకుని ఉంచండి, వచ్చే పాఠంలో సరిచేద్దాం.

సాధన. వారం రోజులు, రోజూ పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు ఒకసారి, కాసేపు ఆడించి ఆపాక పది నిమిషాలకు ఇంకోసారి స్టార్ట్ చేయండి. చెవుల్లో దూది పెట్టుకుని చేయండి, “టప్” అన్నది చేతికే తెలియాలి. ఎన్నో లాగుకు వచ్చింది, చోక్ ఎప్పుడు తీశారు, ఎన్నో లాగుకు మిషను లేచింది, ఈ మూడూ రోజూ నోటు పుస్తకంలో రాయండి. ఐదో రోజు చోక్ తీయకుండా కావాలనే పదిహేనుసార్లు లాగి ఓవర్‌ఫ్లో చేయండి. ప్లగ్గు విప్పి వాసన చూడండి, తడి ఎలా ఉందో చూడండి, పైన రాసిన పద్ధతిలో మిషనును మళ్ళీ లేపండి. ఆరో రోజు అదే పని ఇంట్లో ఇంకొకరి చేత చేయించి మీరు పక్కన నిలబడి చూడండి. ఈ పుస్తకం దగ్గర ఉంచుకునే 5వ పాఠం చదవండి, అందులో డయాఫ్రం విప్పుతాం.