డైమార్ఫోథెకా నారు కుళ్లిపోకుండా నిలబెట్టుకున్నాను

హైదరాబాద్‌లో మా మేడ మీద డైమార్ఫోథెకా, అదే ఆఫ్రికన్ డైసీ పూలమొక్క, మొలకెత్తాక నారు మొదలు దగ్గర నల్లబడి, దారంలా సన్నబడి పడిపోయేది. నారుకుళ్లు తెగులు. ఈసారి వానలు పూర్తిగా తగ్గాక, అక్టోబర్ చివర్లో విత్తాను. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఇసుక కలిపి, విత్తనాలు దూరదూరంగా చల్లి, పైన పల్చగా ఇసుక. నీళ్లు మాత్రం పైనుంచి పోయలేదు. ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి, పైపొర తడవగానే తీసేశాను. నారు నిలిచింది దీనివల్లే! దక్షిణాఫ్రికా ఎండునేలల మొక్క కదా, మొదట్లో తడి నిలిస్తే ఓర్చుకోదు.

నాలుగు ఆకులు వచ్చాక కుండీల్లోకి మార్చాను. జనవరికి నారింజ, తెలుపు పూలు నిండుగా విచ్చుకున్నాయి. మబ్బు పడితే ముడుచుకుపోతాయి. అది తెగులు కాదు, టెన్షన్ పడకండి. బాగా ఎండ తగిలే చోట పెట్టండి. మార్చి ఎండలకు మొక్క మాడిపోయేలోపు విత్తనాలు తీసి దాచుకోండి.