బిగ్ బ్యాండ్ సీడీల సేకరణ, 3వ పాఠం: పాట పేరు చూసి కొనొద్దు, తేదీ చూసి కొనండి

పోయిన పాఠంలో, బిగ్ బ్యాండ్ అనే పెద్ద జాజ్ వాద్యబృందాన్ని నడిపిన అమెరికన్ డ్యూక్ ఎల్లింగ్టన్‌తో మొదలుపెడదాం అనుకున్నాం కదా. ఇప్పుడు ఆయన పాత రికార్డింగుల సీడీ ఏదైనా చేతిలోకి తీసుకోండి. అట్ట మీది ఫొటో సంగతి తర్వాత, ముందు లోపలి బుక్‌లెట్ తెరవండి. ప్రతి పాట కిందా ఏ ఊళ్ళో, ఏ రోజు రికార్డు చేశారో, మ్యాట్రిక్స్ నంబరు (దాని సంగతి కింద చెప్తా) ఎంతో, ఎన్నో టేకో (అంటే ఎన్నోసారి వాయించిందో) ఉండాలి. అవేమీ లేకుండా ఉత్త పేర్లే వరసగా వేసి ఉంటే ఎంత చవగ్గా వస్తున్నా వద్దనే అంటాను.

ఎందుకంటే, 'టేక్ ది ఏ ట్రెయిన్' సంగతే చూడండి. అందరూ ఎరిగిన రికార్డింగు 1941 ఫిబ్రవరి 15న హాలీవుడ్‌లో విక్టర్ అనే రికార్డు కంపెనీకి చేసింది. సరిగ్గా నెల ముందు, జనవరి 15న, అదే బ్యాండ్ అదే పాటని స్టాండర్డ్ అనే సంస్థకి కూడా వాయించింది. అది షాపుల్లో అమ్మడానికి కాదు, రేడియో స్టేషన్లకి పంపే 16 అంగుళాల ట్రాన్స్‌క్రిప్షన్ డిస్కుల కోసం. రెండూ స్టూడియో రికార్డింగులే, కాబట్టి అట్ట మీద 'స్టూడియో రికార్డింగు' అని వేసినవాడు అబద్ధమాడినట్టు కాదు, కానీ మీరు వెతికేది ఏదో, మీ చేతికొచ్చింది ఏదో తేదీ ఒక్కటే చెప్తుంది. (అన్నట్టు, ఆ ఏడాది మొదట్లో రేడియో నెట్‌వర్కులకీ ఆస్కాప్ అనే రచయితల సంఘానికీ రాయల్టీల గొడవ వచ్చి, ఆ సంఘ సభ్యుడైన ఎల్లింగ్టన్ సొంత పాటలు రేడియోలో వాయించే వీల్లేకపోయింది. ఆ సంఘంలో లేని బిల్లీ స్ట్రేహార్న్ రాసిన ఈ 'ఏ ట్రెయిన్' బ్యాండ్‌కి గుర్తింపు పాట అయిందంటే ఆ తగువు పుణ్యమే.)

ఇక మ్యాట్రిక్స్ నంబరు. కంపెనీ ఆ రికార్డింగుకి ఇచ్చుకున్న నంబరు అది, దాని చివర గీత పక్కన ఉండే అంకె టేకు. 1940 మార్చి 6న షికాగోలో చేసిన 'కో-కో'కి రెండు టేకులు బయటికొచ్చాయి, అప్పట్లో 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డు) మీద వచ్చింది రెండోది. రెండూ ఉన్న సీడీ దొరికితే వదలకండి, బ్యాండ్‌లోని జిమ్మీ బ్లాంటన్ వాయించే బాస్ (మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం) ఒంటరిగా పలికే చోట పక్కపక్కన పెట్టి వినండి.

శబ్దం ఎలా ఉందో తేల్చడానికీ ఇదే పాట చాలు. అదే బ్యాండ్‌లోని ట్రికీ శామ్ నాంటన్ ట్రాంబోన్ అనే ఇత్తడి బూరా మూతికి రబ్బరు ప్లంజర్ (గిన్నెలాంటి రబ్బరు మూత) అడ్డం పెట్టి మనిషి గొంతులా పలికిస్తాడు, ఆ గరుకు మీకు వినపడాలి. గరగర తీసేస్తామని మితిమీరి ఫిల్టరు చేసిన సీడీల్లో ముందు పోయేది అదే. నా మటుకు కాస్త గరగర ఉన్నా ఫర్వాలేదు. 1940-42 విక్టర్ రికార్డింగులకి 1986లో వచ్చిన మూడు సీడీల సెట్టు, 2003లో కొత్తగా మాస్టరింగ్ చేసిన (అంటే శబ్దాన్ని మళ్ళీ సరిదిద్దిన) సెట్టు రెండూ పాతవాటిలో దొరుకుతాయి. నా ఓటు రెండోదానికే.

ఇంటిపని: ఎవరైనా "ఎల్లింగ్టన్, 1943, విక్టర్ స్టూడియో" అని సీడీ అమ్మజూపితే ఏమంటారు? 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగుల సమ్మె చేసింది, విక్టర్ 1944 నవంబరు దాకా రాజీకి రాలేదు, ఎల్లింగ్టన్ మళ్ళీ ఆ స్టూడియోలో అడుగుపెట్టింది డిసెంబరు 1న. అంటే ఆ సీడీలో ఉన్నది 1943 నవంబరులో వరల్డ్ సంస్థకి చేసిన ట్రాన్స్‌క్రిప్షన్లైనా అయ్యుండాలి, రేడియో ప్రసారమో కచేరీయో అయినా అయ్యుండాలి. వరల్డ్‌వి అయితే మాత్రం బేరమాడి తీసుకోండి, బాగుంటాయి.