బోరు నీళ్లతో పాతబడ్డ గీజర్: ఎందుకు మొరాయిస్తుంది, ఎట్లా బాగుచేయాలి

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వేడెక్కితే వాటిలోని కాల్షియం బైకార్బనేట్ సున్నపు పెచ్చుగా మారి, నీళ్లు కాచే కడ్డీ అయిన ఎలిమెంట్‌కు పట్టుకుంటుంది. పాత గీజర్ బాధల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే.

లైటు తొందరగా ఆరిపోయి, నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయా?

15 లీటర్ల గీజర్‌లో 2 కిలోవాట్ల ఎలిమెంట్ 25 డిగ్రీల నీటిని 60కి తేవడానికి 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. అందులో సగం సేపటికే లైటు ఆరితే, ఎలిమెంట్‌కూ థర్మోస్టాట్ గొట్టానికీ మధ్య పెచ్చు పేరుకుందన్నమాట. నీళ్లు కాగకముందే థర్మోస్టాట్ గొట్టం వేడెక్కి కరెంటు ఆపేస్తుంది. లోపల టపటపమని చప్పుడు కూడా వస్తుంది.

ఎంసీబీ దించి, ప్లగ్ తీసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూడండి. నీళ్లు చల్లారాక ఇన్‌లెట్ వాల్వ్ కట్టేసి ట్యాంకు ఖాళీ చేయండి. వైర్ల ఫోటో తీసుకుని ఫ్లాంజ్ (ఎలిమెంట్ బిగించిన పళ్లెం) నట్లు విప్పండి. రెండు లీటర్ల వేడినీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, టెర్మినళ్లు తడవకుండా ఎలిమెంట్‌ను రెండు మూడు గంటలు నానబెట్టండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వాడొద్దు, లోహాన్ని తినేస్తుంది. ట్యాంకు అడుగున రాలిన పెచ్చులు చేత్తో తీయండి. ఇనుప గరిటెతో గీకితే లోపలి ఎనామెల్ పూత పగులుతుంది.

మెగ్నీషియం యానోడ్ రాడ్ సగానికి పైగా అరిగితే కొత్తది వేయండి. ట్యాంకు బదులు తుప్పును అదే భరిస్తుంది. మన నీళ్లకు ఏడాదికోసారి చూడాల్సిందే. పాత గాస్కెట్ (రబ్బరు వాషర్) మళ్లీ వాడకండి. నట్లు ఎదురెదురుగా బిగించి, వేడినీళ్ల ట్యాప్ నుంచి ధార నిండుగా వచ్చాకే స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకుతో వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది.

ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పడిపోతోందా?

ఎలిమెంట్ గొట్టం పగిలి లోపలికి నీళ్లు చేరి ఉంటాయి. వైర్లు తీసి మల్టీమీటర్ పెడితే 2 కిలోవాట్ల ఎలిమెంట్ 26 ఓమ్‌ల దగ్గర చూపాలి. టెర్మినల్‌కూ గొట్టానికీ మధ్య ఏ రీడింగ్ వచ్చినా మార్చేయండి. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం ప్రాణాలతో చెలగాటం.

సేఫ్టీ వాల్వ్ కారుతోందా?

కాగేటప్పుడు నాలుగు చుక్కలు మామూలే. ఎప్పుడూ కారితే లీవర్ రెండు మూడుసార్లు ఎత్తి వదలండి. ఆగకపోతే మార్చండి, బిరడా మాత్రం పెట్టొద్దు.

ట్యాంకే కారితే అతుకు నిలవదు, గీజర్ మార్చాల్సిందే. కొత్తదాని థర్మోస్టాట్ 50-55 డిగ్రీలకు పెడితే చాలు, పెచ్చు తక్కువ పడుతుంది. కాచినవే కదా అని గీజర్ నీళ్లు తాగకండి. కాచినంత మాత్రాన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోదు.