జ్ఞాపకాల బట్టలతో కుట్టిన బొంత చిరిగిపోతోందా? దారాన్ని తిట్టే ముందు ఇది చూడండి

ఏడాదికోసారి ఇల్లంతా దులిపి సర్దేటప్పుడు అలమర అడుగు నుంచి నాన్న చొక్కాలో, బిడ్డ మొదటి గౌనో బయటపడతాయి. పారేయడానికి మనసొప్పదు. మరకలు తీసి బొంతగానో, దిండు గలేబుగానో కుట్టుకుంటాం. నాలుగు నెలలు గడవకుండానే అది చిరుగుతుంది. "దారం మంచిది కాదేమో" అంటారు అందరూ. నేను అడిగేది ఒక్కటే: చిరిగింది కుట్టు దగ్గరా, బట్ట మధ్యలోనా? ఇది చూసి వచ్చేవాళ్లు చాలా తక్కువ. చూస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

దారం తెగి, బట్ట బాగానే ఉంటే
తప్పు దారానిదే. మళ్లీ కుట్టండి.

కుట్టు వెంబడి బట్ట తెగితే
కుట్లు మరీ దగ్గరగా పడ్డాయి. పాత బట్టకు సూది పెట్టే ప్రతి రంధ్రమూ భారమే. కుట్టు పొడవు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంచండి, సన్నటి కొత్త సూది వాడండి.

ఉతికాక ముక్కల చుట్టూ ముడతలు పడి గుంజుకుపోతే
అడుగున వేసిన కొత్త బట్ట కుంచించుకుపోయింది. కుట్టకముందే దాన్ని ఒకసారి ఉతికి ఆరబెట్టాల్సింది.

బట్ట మధ్యలో, గట్టిగా లాగకపోయినా, కాగితంలా చిరిగితే
ముందు బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. పలచబడిన చోట్లు, ఏళ్ల తరబడి మడత ఉన్న గీతలు తెలిసిపోతాయి. తర్వాత రెండు బొటనవేళ్లతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా లాగండి. చిటపటమని సన్నటి చప్పుడు వస్తే నూలు పోగులు తెగుతున్నట్టే. కత్తెర పట్టే ముందే చేయాల్సిన పరీక్ష ఇది. నిమిషం కూడా పట్టదు, అయినా దాటేస్తారు.

బట్ట మరీ పాతది కాదు, ఎండలోనూ పడి లేదు, అయినా చిరుగుతోందంటే నేను అనుమానించేది మరక తీయడానికి రాసిన నిమ్మరసాన్ని.

మా నాన్న చొక్కాలతో బొంత కుట్టినప్పుడు ఛాతీ మీదున్న పసుపుపచ్చ మరకలకు నిమ్మరసం రాసి ఎండలో పెట్టాను. మరకలు పోయాయి. ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, బాగా వేడిగా ఇస్త్రీ చేసి కుట్టాను. అప్పుడు బట్ట గట్టిగానే ఉంది. కొన్ని నెలల తర్వాత సరిగ్గా మరకలున్న చోటే ఒక్కొక్కటిగా చిరుగులు పడ్డాయి. ఆ చొక్కాలు మళ్లీ దొరికేవి కావు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

జరిగేది ఇది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆరేటప్పుడు చాలావరకు గాలిలో కలిసిపోతుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం అలా పోదు. నీరు ఆవిరైపోయి ఆమ్లం మాత్రం నూలులోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. నూలు అంటే సెల్యులోజ్, మొక్కల్లో ఉండే పీచు పదార్థం. ఆమ్లం దాని పొడవాటి అణువుల గొలుసులను మెల్లగా తెంపుతుంది, ఇస్త్రీ వేడి ఆ పనిని ఇంకా వేగం చేస్తుంది. నష్టం వెంటనే కనబడదు కాబట్టి నిమ్మకాయ మీదకు ఎవరి ఆలోచనా పోదు. సహజమైనదే కదా అని ధైర్యంగా ఉంటాం.

పోల్చుకునే గుర్తు: చిరుగు పాత మరక ఆకారంలోనే ఉంటుంది. చంకల దగ్గర మాత్రం ఈ గుర్తును నమ్మకండి, అక్కడ చెమట కూడా బట్టను తినేస్తుంది. అనుమానం తీరాలంటే ఆ చోట డిస్టిల్డ్ వాటర్ ఒక్క చుక్క వేసి, నిమిషం ఆగి, నీలి లిట్మస్ కాగితం అద్దండి. ఎర్రబడితే ఆమ్లం ఇంకా ఉన్నట్టే.

పరిష్కారం: ముందు లోపలి అంచు మీద తడిపి రంగు దిగదని చూసుకోండి. తర్వాత మామూలు నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు మార్చి, మొత్తం మూడుసార్లు అలా చేయండి. నూలు బట్టయితే ఆపైన బకెట్ నీళ్లలో రెండు చెంచాల బేకింగ్ సోడా కలిపి పావుగంట ఉంచి, మళ్లీ శుభ్రంగా జాడించండి. పిండకండి. తడి బొంతను కింద దుప్పటి పరిచి దాంతోపాటే ఎత్తండి, లేకపోతే దాని బరువుకే చిరుగుతుంది. పోయిన బలం తిరిగి రాదు. మిగిలినదాన్ని నిలబెట్టడానికి వెనక ఉతికిన పలుచని నూలు బట్టను అస్తరుగా వేసి, దూరం దూరం కుట్లతో పట్టించండి. లాగితే పోగులు ఊడిపోయేంత బలహీనంగా ఉన్న ముక్కను పడుకునే బొంతలో పెట్టకండి, ఫ్రేము కట్టించుకోండి.

ఈసారి నూలు మీది పసుపుపచ్చ మరకలకు గోరువెచ్చని నీళ్లలో సోడియం పెర్‌కార్బొనేట్ (క్లోరిన్ లేని, ఆక్సిజన్ బ్లీచ్ పొడి) వాడండి. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం అది వద్దు, బేకింగ్ సోడా కూడా వద్దు. ఈ రెండు పొడులూ క్షారాలు; పట్టు, ఉన్ని ప్రోటీన్ పోగులు, వాటికి క్షారమే శత్రువు. వాటికి తేలికపాటి సబ్బు నీళ్లు చాలు.

ఇల్లు శుభ్రం చేసేటప్పుడు వెనిగర్, బేకింగ్ సోడా కలిపి రుద్దినా మురికి పోకపోతే
పోదు. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్, చివరకు మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. జిడ్డుకు సోడా, నీటి మరకలకు వెనిగర్, వేర్వేరుగా వాడండి. పాలరాయి మీద వెనిగర్ వేయకండి, మెరుపు పోతుంది. వెనిగర్‌నైనా నిమ్మరసాన్నైనా క్లోరిన్ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

తుప్పు పట్టిన గుండీలు, పురుగు తిన్న రంధ్రాలు కూడా ఉంటాయి గానీ అవి కంటికి కనబడతాయి. గుండీ తీసేయండి, రంధ్రం ఉన్న ముక్క కత్తిరించేయండి.