పోలీసులు బండి వేగాన్ని కొలిచే రాడార్ గన్ తరంగాలను పసిగట్టి, డ్రైవర్‌ను హెచ్చరించే పరికరం రాడార్ డిటెక్టర్. దీనికి డబ్బు పెట్టాలా, వద్దా?

ముందు చట్టం చూడండి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో కార్లలో వీటి వాడకం నిషేధం. ఫ్రాన్స్‌లో దగ్గర ఉంచుకున్నా తప్పే.

తర్వాత మీరు రోజూ వెళ్లే దారిలో వేగాన్ని దేనితో కొలుస్తున్నారో కనుక్కోండి. రాడార్ గన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే డిటెక్టర్ దాన్ని దూరం నుంచే పసిగడుతుంది, ఎందుకంటే తరంగాలు ముందున్న బండ్లకు తగిలి నలువైపులా చెదురుతాయి. మీ బండి దగ్గరకొచ్చాకే గన్ మీట నొక్కితే మాత్రం తప్పించుకోలేరు. లేజర్ గన్‌ది మరీ సన్నని కిరణం. డిటెక్టర్ మోగేసరికే మీ వేగం నమోదై ఉంటుంది. ఇక నంబర్ ప్లేట్లు చదివి రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కగట్టే చోట పట్టడానికి రాడార్ తరంగమే ఉండదు. అలాంటి దారికి ఇది దండగ ఖర్చు.

కొనేట్టయితే జీపీఎస్ ఉన్నదే కొనండి. రాడార్ గన్లు వాడే తరంగాల శ్రేణుల్లో ఒకటైన 24 గిగాహెర్ట్జ్ కే బ్యాండ్‌లో దుకాణాల ఆటోమేటిక్ తలుపులు, పక్క కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లు (డ్రైవర్‌కు కనిపించని బండ్లను పసిగట్టేవి) కూడా దాన్ని మోగిస్తాయి. తలుపులున్న చోటును జీపీఎస్ గుర్తుపెట్టుకుని ఊరుకుంటుంది. కదిలే కార్ల తరంగాలను వడకట్టాలంటే మాత్రం డిటెక్టర్‌లో మంచి ఫిల్టర్ ఉండాలి. చవక రకాలు దెబ్బతినేది ఇక్కడే: అస్తమానం మోగి, చివరికి మీరే పట్టించుకోవడం మానేస్తారు.

ముందు అద్దంపై ఎత్తుగా, రోడ్డుకు సమాంతరంగా బిగించండి. ఎదురుగా వైపర్ గానీ లోహపు పూత గానీ ఉండకూడదు.